కొవ్వు తెలుపు, జబ్బు తెలుపు

ఎమ్మారైలో గెడోలినియం ఇంజెక్షన్ ఇచ్చేది జబ్బున్న చోటు తెల్లగా కనబడాలని. వాపుతో రక్తనాళాల గోడలు కారుతున్నచోట, కొత్త నాళాలు పుట్టుకొచ్చిన గడ్డల్లో ఆ మందు చేరి కాసేపు నిలుస్తుంది. టీ1 అనే రకం చిత్రంలో ఆ భాగం వెలుగుతుంది. మెదడు విషయంలో ఇది ఎంతో చక్కగా పనిచేస్తుంది. మెదడు ఆ చిత్రంలో బూడిదరంగులో ఉంటుంది కాబట్టి, దాని మీద తెల్ల మచ్చ పడితే వైద్యం చదవనివాళ్ల కంటికి కూడా ఆనుతుంది.

వెన్నెముక అలా కాదు. వెన్నుపూసల లోపలి మూలుగలో కొవ్వుంది. వెన్నుపాము తొడుగుకీ ఎముకకీ మధ్య సందులో కొవ్వుంది. నరాలు బయటికొచ్చే రంధ్రాల్లో నరం చుట్టూ కొవ్వుంది. వీపు చర్మం కింద సరేసరి. ఈ కొవ్వంతా ఏ ఇంజెక్షనూ ఇవ్వకముందే టీ1 చిత్రంలో తెల్లగా మెరుస్తూ ఉంటుంది. పెద్దవాళ్ల వెన్నుపూస మూలుగలో మూడో వంతు నుంచి సగం దాకా కొవ్వే, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అలాంటి మూలుగలోకి క్షయ గానీ క్యాన్సర్ గానీ ప్రవేశిస్తే, ఆ భాగంలో కొవ్వు పోయి నీరూ కణాలూ నిండుతాయి; తెల్లటి ఎముకలో నల్లటి మరకగా కనబడుతుంది. అప్పుడు ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుంది? ఆ నల్ల మరక మందు తాగి తెల్లబడుతుంది. చుట్టూ ఉన్న కొవ్వు తెలుపుతో కలిసిపోతుంది. అంతకుముందు స్పష్టంగా ఉన్న జబ్బు, దాన్ని చూపించడానికి ఇచ్చిన మందువల్లే మాయమవుతుంది.

అందుకని వెన్నెముకకు కాంట్రాస్ట్ అనే ఈ మందు ఇచ్చి తీసే చిత్రాల్లో కొవ్వును నల్లబరచాలి. ఇందుకు ఒకటికి నాలుగు పద్ధతులున్నాయి. స్కాన్ సెంటర్‌లో బటన్ నొక్కడానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గానీ, అవి పనిచేసే తీరు వేరు, తప్పే తీరు ఇంకా వేరు. తప్పినప్పుడు లేని చీము ఉన్నట్టు రావచ్చు, ఉన్న గడ్డ లేనట్టు రావచ్చు. ఆ చిత్రాన్ని బట్టి ఒకరికి నెలల తరబడి మందులు మొదలవుతాయి, ఇంకొకరికి ఆపరేషన్ తేదీ ఖాయమవుతుంది. సాంకేతిక వివరంగా కనబడే ఈ ఎంపిక గురించి సామాన్య పాఠకులకు చెప్పాలనిపించడానికి కారణం అదే.

ముందు కొవ్వు ఎందుకు తెల్లగా ఉంటుందో చూద్దాం. ఎమ్మారై చూసేది హైడ్రోజన్ కేంద్రకాలను. అయస్కాంతంలో వాటికి రేడియో తరంగంతో ఊపు ఇస్తారు. అవి ఆ శక్తిని చుట్టుపక్కలకు వదిలేసి మళ్లీ కుదురుకుంటాయి. కుదురుకోవడానికి పట్టే కాలానికి గుర్తు టీ1. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవానికి అది దాదాపు 4 సెకన్లు. కండరాలకు సుమారు 1 సెకను. కొవ్వుకైతే 1.5 టెస్లా యంత్రంలో (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలత) పావు సెకనే. కొవ్వు అణువులు కదిలే వేగం ఈ శక్తి మార్పిడికి సరిగ్గా అనువైనది కావడమే దీనికి కారణం. త్వరగా కుదురుకున్నవి మరో ఊపుకు త్వరగా సిద్ధమై, టీ1 చిత్రంలో తెల్లగా వస్తాయి.

గెడోలినియం చేసేదీ ఇదే. ఆ లోహ అయానులో జత కుదరని ఎలక్ట్రాన్లు 7 ఉంటాయి. వాటి అయస్కాంత ప్రభావంతో పక్కనున్న నీటి హైడ్రోజన్లు తొందరగా కుదురుకుంటాయి. కొవ్వుకు పుట్టుకతో ఉన్న లక్షణాన్ని ఈ మందు నీటికి అరువిస్తుందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు ఒక పద్ధతి సరిగ్గా ఇక్కడే దెబ్బతింటుంది.

కొవ్వుకూ నీటికీ ఇంకో తేడా ఉంది. నీటి అణువులో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దాంతో హైడ్రోజన్ కేంద్రకం అయస్కాంత క్షేత్రానికి ఎక్కువగా బయటపడుతుంది. కొవ్వులో హైడ్రోజన్ పక్కన ఉండేది కార్బన్. అది అంతగా లాక్కోదు. ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ ఉండి కొంత అడ్డుకుంటాయి. ఫలితంగా కొవ్వు హైడ్రోజన్లు నీటి హైడ్రోజన్ల కంటే కాస్త నెమ్మదిగా తిరుగుతాయి. ఎంత నెమ్మది? పది లక్షలకు మూడున్నర వంతు. 1.5 టెస్లా యంత్రంలో నీటి హైడ్రోజన్లు సెకనుకు 6 కోట్ల 38 లక్షలసార్లు తిరుగుతుంటే కొవ్వువి సుమారు 220 సార్లు తక్కువ తిరుగుతాయి. 3 టెస్లా యంత్రంలో ఆ తేడా 440.

కొవ్వును పట్టుకోవడానికి మనకున్న ఆధారాలు ఈ రెండే: త్వరగా కుదురుకోవడం, నెమ్మదిగా తిరగడం. విశేషమేమిటంటే, ఈ రెండింటి మీద ఆధారపడిన మూడు ప్రధాన పద్ధతులూ ఒకటి రెండేళ్ల తేడాతోనే పుట్టాయి. 1984లో థామస్ డిక్సన్ ఒకటి ప్రతిపాదించాడు. 1985లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో గ్రేమ్ బిడ్డర్, ఇయాన్ యంగ్ రెండోది ప్రచురించారు. అదే ఏడాది జర్మనీలోని గోటింగెన్‌లో ఆక్సెల్ హాజే, యెన్స్ ఫ్రామ్, వాళ్ల సహచరులు మూడోది తెచ్చారు. అప్పటికి ఎమ్మారైకి గెడోలినియం మందు మార్కెట్లో లేదు. మొదటి మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. అంటే ఈ పద్ధతులను కనిపెట్టినవాళ్లు కాంట్రాస్ట్ ఇచ్చిన వెన్నెముకను దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. మందు వచ్చాక వాటిలో ఏది నిలుస్తుందన్న పరీక్ష మొదలైంది.

గోటింగెన్ పద్ధతినే ఇప్పుడు స్కాన్ సెంటర్లలో అందరూ ఫ్యాట్ శాట్ అంటారు. ఎక్కువ వాడకంలో ఉన్నది ఇదే. చిత్రం తీసే ముందు కొవ్వు తిరిగే వేగానికి, అంటే దాని పౌనఃపున్యానికి మాత్రమే తగిలేలా ఒక రేడియో తరంగం పంపిస్తారు. కొవ్వు హైడ్రోజన్లు ఒరిగిపోతాయి. వెంటనే వాటి సంకేతాన్ని చెదరగొట్టి, అవి తిరిగి కుదురుకునేలోపే చిత్రం తీసేస్తారు. నీటి జోలికి పోలేదు కాబట్టి మందు తాగిన జబ్బు తెల్లగానే ఉంటుంది. సూత్రం ప్రకారం కాంట్రాస్ట్ చిత్రాలకు సరిపోయే పద్ధతే.

సమస్యంతా ఆ 220లో ఉంది. యంత్రం కొవ్వు ఫలానా పౌనఃపున్యంలో ఉంటుందని నమ్మి తరంగం పంపుతుంది. శరీరమంతటా అయస్కాంత క్షేత్రం సమంగా ఉంటేనే ఆ నమ్మకం నిజం. మనిషి లోపలికి వెళ్లగానే క్షేత్రం చెదురుతుంది. గాలికీ కణజాలానికీ అయస్కాంత స్వభావంలో తేడా పది లక్షలకు సుమారు 9 వంతులు. కొవ్వుకూ నీటికీ మధ్య మనం వాడుకునే తేడా మూడున్నరే! హద్దు ఆకారాన్ని బట్టి ఆ 9లో కొంత భాగమే క్షేత్రం మీద పడినా, కొవ్వు ఉండాల్సిన స్థానం నుంచి జరిగిపోవడానికి అది చాలు.

వెన్నెముక పొడవునా ఇలాంటి చోట్లే. మెడ దగ్గర ముందు శ్వాసనాళం, వెనక మెడ ఒంపు. మెడ భుజాలతో కలిసే చోట శరీరం వెడల్పు ఉన్నట్టుండి మారుతుంది, లోపల ఊపిరితిత్తుల కొనలు. ఛాతీ పొడవునా రెండు పక్కలా గాలి. వెన్నెముక మొత్తం ఒక్క చిత్రంలో రావాలని పెద్ద ఫ్రేము పెడితే, యంత్రం మధ్యభాగంలో క్షేత్రం ఎంత సమంగా ఉన్నా పై అంచునా కింది అంచునా తప్పుతుంది. అందుకే ఫ్యాట్ శాట్ చిత్రంలో తరచూ మధ్యలో కొవ్వు నల్లగా ఉండి, మెడ వెనక తెల్లటి పొగ కమ్మినట్టు వస్తుంది.

ఆ తెలుపు తేలిగ్గా పట్టుబడే తప్పు. దానికంటే ప్రమాదకరమైనది రెండోది. క్షేత్రం అటువైపు కాక ఇటువైపు జరిగితే, కొవ్వుకోసం పంపిన తరంగం నీటికి తగులుతుంది. నీరు నల్లబడుతుంది, దానితోపాటు మందు తాగిన జబ్బు కూడా. ఉండాల్సిన వెలుగు లేకపోతే ఎవరికీ అనుమానం రాదు. మంచి రేడియాలజిస్టులు ఈ చిత్రం చూసేటప్పుడు ముందు వెన్నెముకను చూడరు. అదే ఎత్తులో వీపు చర్మం కింది కొవ్వును పైనుంచి కిందికి చూస్తారు. అది అంతటా ఒకే నలుపులో ఉంటే ఆ చిత్రాన్ని కొంతవరకు నమ్మవచ్చు. ఒకచోట తెల్లబడుతుంటే, ఆ ఎత్తులోని వెన్నుపూసల మీద ఏ తీర్పూ ఇవ్వకూడదు. కండరాలు ఉండాల్సిన దానికంటే నల్లగా ఉన్నాయా అన్నది మరో ఆనవాలు. సిరల్లో మందు వెలుగు కనబడకపోతే అక్కడ నీరే అణగిపోయిందని అర్థం.

చిత్రం తీసే ముందు టెక్నీషియన్ క్షేత్రాన్ని సవరించే పనిని షిమ్మింగ్ అంటారు. సవరించాల్సిన పెట్టెను వెన్నెముక మీద సరిగ్గా అమర్చి, ఊపిరితిత్తుల గాలిని అందులోకి రానివ్వకుండా చూసుకుంటే ఫ్యాట్ శాట్ ఎంతో మెరుగవుతుంది. బయట పది మంది వేచి ఉన్నా ఆ రెండు నిమిషాలు ఓపిగ్గా కేటాయించే టెక్నీషియన్లు ఉన్నారు. రిపోర్టు మీద వాళ్ల పేరుండదు గానీ దాని విలువలో సగం వాళ్లదే.

3 టెస్లా యంత్రం తెస్తే సమస్య తీరుతుందనుకోవడం సరికాదు. కొవ్వు, నీరు మధ్య తేడా రెట్టింపయ్యే మాట నిజమే. గాలివల్ల వచ్చే చెదురు కూడా రెట్టింపవుతుంది. పైగా రేడియో తరంగం శరీరంలో సమంగా పరుచుకోకపోవడం అక్కడ ఎక్కువ. ఇక 0.3 టెస్లా ఓపెన్ యంత్రాల్లో ఆ తేడా 45 దగ్గరే ఆగిపోతుంది. కొవ్వును విడిగా గురిపెట్టడం దాదాపు అసాధ్యం. మన జిల్లా కేంద్రాల సెంటర్లలో మామూలుగా ఉండే 1.5 టెస్లా యంత్రం వెన్నెముక పనికి తక్కువదేమీ కాదు.

ఇప్పుడు లండన్ పద్ధతి, స్టిర్. ఇది పౌనఃపున్యాన్ని పట్టించుకోదు, కుదురుకునే కాలాన్ని చూస్తుంది. ముందు అన్ని హైడ్రోజన్లనూ తలకిందులు చేస్తారు. అన్నీ వాటి వాటి వేగంతో తిరిగి లేస్తాయి. లేచే దారిలో ప్రతిదీ ఒకసారి సున్నాను దాటాలి. కొవ్వు సున్నాను దాటే క్షణం, 1.5 టెస్లాలో సుమారు 170 మిల్లీసెకన్ల దగ్గర, చిత్రం తీస్తే కొవ్వు సంకేతం ఉండదు. క్షేత్రం చెదిరినా ఇది చెదరదు. మెడలోనైనా, స్క్రూల పక్కనైనా, తక్కువ శక్తి యంత్రంలోనైనా కొవ్వు చక్కగా నల్లబడుతుంది. మూలుగలో నీరు చేరిందా అని ఇంజెక్షన్ లేకుండా వెతకడానికి ఇంతకు మించిన సాధనం లేదనే నా అభిప్రాయం. దెబ్బ తగిలిన వెన్నుపూసనూ, తొలి దశ క్షయనూ ఇది బాగా పట్టిస్తుంది.

ఇంజెక్షన్ ఇచ్చాక మాత్రం స్టిర్ వాడకూడదు. ఎందుకో లెక్కేసి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. జబ్బు కణజాలం సహజంగా 1 సెకనులో కుదురుకుంటుందనుకుందాం. అంటే దాని వేగం సెకనుకు 1. సాధారణ గెడోలినియం మందు, లీటరుకు 1 మిల్లీమోల్ గాఢతలో ఉంటే, ఆ వేగానికి సుమారు 4 కలుపుతుంది. జబ్బులో మందు 0.7 మిల్లీమోల్ దాకా చేరితే కలిసేది 2.8, మొత్తం 3.8. దాన్ని తిరగేస్తే కుదురుకునే కాలం 260 మిల్లీసెకన్లు. కొవ్వుదీ అంతే! స్టిర్‌కు ఇది కొవ్వో జబ్బో తెలియదు. పావు సెకనులో కుదురుకునే దేన్నయినా అది తుడిచేస్తుంది. ఇందాక చెప్పిన అరువు గుణం ఇక్కడ శాపమవుతుంది: మందు బాగా తాగిన జబ్బే ముందుగా నల్లబడుతుంది. పాత రక్తస్రావంలో గడ్డకట్టిన రక్తం, ప్రొటీన్ చిక్కగా ఉన్న ద్రవం కూడా ఇదే కారణంగా స్టిర్‌లో మాయం కావచ్చు. ఇంజెక్షన్‌కు ముందు స్టిర్ తీయడం మరిచిపోయి, తర్వాత తీసి కలిపితే ఆ చిత్రం సాయం చేయకపోగా తప్పుదారి పట్టిస్తుంది.

రెండింటి గుణాలూ కలిపిన పద్ధతి ఒకటుంది, స్పేర్ అంటారు. కొవ్వు పౌనఃపున్యంలో ఉన్నవాటినే తలకిందులు చేసి, అవి సున్నా దాటే క్షణంలో చిత్రం తీస్తుంది. నీటిని తాకదు కాబట్టి కాంట్రాస్ట్‌కు ఇబ్బంది లేదు. రేడియో తరంగం అసమానంగా పరుచుకున్నా తట్టుకుంటుంది. అందుకే 3 టెస్లా యంత్రాల్లో ఫ్యాట్ శాట్ కంటే మేలు. క్షేత్రం చెదిరితే మాత్రం ఇదీ ఫ్యాట్ శాట్ లాగే తప్పుతుంది. నీటిని మాత్రమే ఉత్తేజపరిచే పద్ధతులకూ అదే బలహీనత.

ఇక డిక్సన్. అన్నిటికంటే ముందు పుట్టి, అన్నిటికంటే ఆలస్యంగా వాడుకలోకి వచ్చింది. ఇది కొవ్వును అణచదు. రెండింటి సంకేతాన్నీ తీసుకుని తర్వాత లెక్కతో విడదీస్తుంది. గడియారంలో పెద్దముల్లూ చిన్నముల్లూ ఒకప్పుడు ఒకదాని మీద ఒకటి నిలుస్తాయి, ఇంకొకప్పుడు ఎదురెదురుగా నిలుస్తాయి. వేర్వేరు వేగాలతో తిరిగే నీరు, కొవ్వు కూడా అంతే. 1.5 టెస్లాలో దాదాపు ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి కలుస్తాయి, మధ్యలో 2.3 దగ్గర ఎదురుపడతాయి. కలిసినప్పుడు తీసిన చిత్రంలో నీరూ కొవ్వూ కలిపిన మొత్తం ఉంటుంది. ఎదురుపడినప్పుడు తీసినదాంట్లో నీటిలోంచి కొవ్వు పోగా మిగిలింది ఉంటుంది. రెండూ కూడితే కొవ్వు రద్దయి నీరు మిగులుతుంది. తీసివేస్తే నీరు రద్దయి కొవ్వు మిగులుతుంది. హైస్కూలు పిల్లలు చేసే రెండు సమీకరణాల లెక్కే.

ఇంత తేలికైనది ఇన్నేళ్లు ఎందుకు పక్కన పడి ఉంది? డిక్సన్ లెక్క కూడా క్షేత్రం సమంగా ఉందనే అనుకుంది. క్షేత్రం చెదిరితే ముళ్లు రెండూ కలిసి పక్కకు జరుగుతాయి, ఏది నీరో ఏది కొవ్వో తికమక అవుతుంది. 1991లో గ్యారీ గ్లోవర్, ష్నైడర్ మూడు సమయాల్లో చిత్రాలు తీసి, క్షేత్రం ఎంత చెదిరిందో కూడా లెక్కలోకి తేవచ్చని చూపించారు. 2000ల మధ్యలో స్కాట్ రీడర్ బృందం ఆ లెక్కను ఇంకా గట్టిపరిచింది. మూడు చిత్రాలంటే అప్పట్లో మూడింతల సమయం. సంకేతాన్ని అందుకునే కాయిళ్లు, కంప్యూటర్లు మెరుగుపడి, ఒకే పర్యాయంలో అవసరమైన సంకేతాలన్నీ సేకరించడం వీలయ్యాకే ఇది రోజువారీ పనిలోకి దిగింది.

మిగిలిన పద్ధతులతో పోల్చినప్పుడు డిక్సన్‌కున్న అసలు గొప్ప ఇదే. క్షేత్రం చెదరడాన్ని ఫ్యాట్ శాట్ భరించలేదు, స్టిర్ పట్టించుకోదు, డిక్సన్ దాన్ని కొలుస్తుంది. కొలిచి దిద్దుతుంది. మెడ, మెడ-భుజాల సంధి, ఛాతీ పైభాగం వంటి చోట్ల కొవ్వు సమంగా నల్లబడటంలో ఫ్యాట్ శాట్ కంటే డిక్సన్ మెరుగని పోలిక చూసినవాళ్లు పదేపదే చెబుతున్నారు. కాంట్రాస్ట్ వెలుగుకూ దీనివల్ల లోటు లేదు, ఎందుకంటే కుదురుకునే కాలంతో దీనికి పనిలేదు.

దానికీ ఒక లోపం ఉంది. లెక్క దారితప్పితే ఒక భాగమంతా తారుమారవుతుంది: నీటి చిత్రంలో కొవ్వూ, కొవ్వు చిత్రంలో నీరూ వస్తాయి. ఫ్యాట్ శాట్ తప్పు పొగలా క్రమంగా వస్తే, డిక్సన్ తప్పు కత్తితో కోసినట్టు ఒక గీత దగ్గర మొదలవుతుంది. పక్కనే కొవ్వు చిత్రం ఉంటుంది కాబట్టి రెండూ కలిపి చూసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. నీటి చిత్రం ఒక్కటే ఫిల్ము మీద వేసి, కొవ్వు చిత్రం, కలిసినప్పటిది, ఎదురుపడినప్పటిది మూడూ పారేసే సెంటర్లలో మాత్రం ఈ తప్పు దొరకదు. కాలం కూడా ఫ్యాట్ శాట్ కంటే కాస్త ఎక్కువ పడుతుంది. నొప్పితో కదిలే మనిషికి అది భారమే.

మన ప్రాంతంలో ఈ పోలిక ఎక్కువగా తేలేది వెన్నెముక క్షయ దగ్గర. 1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ వర్ణించిన ఈ జబ్బుకు ఇంగ్లీషు వైద్యంలో ఇప్పటికీ ఆయన పేరే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎముకలకు వచ్చే టీబీలో సగం దాకా వెన్నెముకదే. ఎక్కువగా ఛాతీ కింది భాగంలో, నడుము పైభాగంలో మొదలవుతుంది. వెన్నుపూస ముందు అంచున పుట్టి, ముందున్న పొడవాటి లిగమెంటు కింద నుంచి పైకీ కిందికీ పాకుతుంది. డిస్కు చాలాకాలం వరకు బాగానే కనబడుతుంది. పక్కనున్న కండరంలో చీము చేరుతుంది.

సర్జన్‌కు అప్పుడు కావాల్సిన సమాధానం ఒకటే: వెన్నుపామును నొక్కుతున్నది చీమా, గట్టి కణజాలమా? చీమైతే పలచని నున్నటి అంచు మాత్రమే మందు తాగుతుంది, లోపల నల్లగా ఉంటుంది. దాన్ని వీలైనచోట సూదితో తీసేయవచ్చు. గట్టి కణజాలమైతే మొత్తం తెల్లబడుతుంది. సూదికి ఏమీ రాదు, మందులతో కరగాలి లేదా కోసి తీయాలి. ఈ పలచని అంచు ఉండేది వెన్నుపాము తొడుగు బయటి కొవ్వులో. కొవ్వు నల్లబడకపోతే ఆ అంచు కనబడదు. సగం నల్లబడి సగం మిగిలితే, మిగిలిన కొవ్వే అంచులా కనబడి మోసగిస్తుంది. ఆ చోటు పక్కనే ఊపిరితిత్తుల కింది భాగం ఉండటంతో ఫ్యాట్ శాట్ తడబడే అవకాశమూ అక్కడే ఎక్కువ. వెన్నెముక క్షయ అనుమానంతో కాంట్రాస్ట్ ఇస్తుంటే, డిక్సన్ సౌకర్యం ఉన్న యంత్రంలో అదే వాడాలని నేను గట్టిగా అంటాను.

ఆపరేషన్ అయ్యాక స్క్రూలూ రాడ్లూ ఉన్న వెన్నెముక మరింత కష్టమైన పరీక్ష. లోహం చుట్టూ క్షేత్రం చెదిరే తీరు ముందు గాలివల్ల వచ్చే చెదురు లెక్కలోకి రాదు. టైటానియం కొంత నయం, స్టెయిన్‌లెస్ స్టీలు మరీ కష్టం. స్క్రూ పక్కన ఫ్యాట్ శాట్ తప్పి కొవ్వు తెల్లగా వెలుగుతుంది. అక్కడ ఇన్ఫెక్షన్ వచ్చిందా అన్న అనుమానంతోనే ఇలాంటి రోగిని స్కాన్‌కు పంపిస్తారు! డిక్సన్ స్క్రూకు కాస్త ఎడంగా బాగుంటుంది గానీ మరీ దగ్గర అదీ ఓడిపోతుంది. ఇలాంటివారికి 3 టెస్లా కంటే 1.5 మేలు. ఇంజెక్షన్‌కు ముందు స్టిర్ తీయాలి. తర్వాత కొవ్వును అణచే ప్రయత్నం మానేసి, ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా ఒకే రకం సాదా టీ1 తీసి, ఒకదానిలోంచి ఒకటి తీసివేసి చూడటం నిజాయితీగల దారి. రెండింటి మధ్యా రోగి కదలకుండా ఉంటే పెరిగిన వెలుగే మిగులుతుంది. లోహం వల్ల వచ్చే వంకరలను తగ్గించే సెమాక్, మావ్రిక్ వంటి పద్ధతులు కొన్ని యంత్రాల్లో ఉన్నాయి; ఉన్నచోట వాడాలి.

ఎక్కడైనా సరే వదలకూడనిది ఇంజెక్షన్‌కు ముందు తీసే సాదా టీ1. కొవ్వు తెలుపే అక్కడ మనకు సాయం: తెల్లటి మూలుగలో జబ్బు నల్లగా దొరుకుతుంది. సమయం ఆదా చేయాలని దాన్ని ఎగ్గొట్టి, ఇంజెక్షన్ తర్వాతి ఫ్యాట్ శాట్ మీదే ఆధారపడటం పెద్ద తప్పు. ఇంకో సంగతి ఉంది. అన్నిటికంటే తెల్లగా ఉండే కొవ్వును తీసేశాక, కంప్యూటర్ మిగిలిన వెలుగులను సాగదీసి చూపిస్తుంది. దాంతో మందు తాగని కండరమో డిస్కో కూడా కాస్త తెల్లగా అనిపిస్తుంది. అది నిజంగా మందు తాగిందా అని తేలాలంటే ఇంజెక్షన్‌కు ముందు కూడా కొవ్వు అణచిన టీ1 ఉండాలి. ఫ్యాట్ శాట్‌తో దీనికి మరో పర్యాయం అదనంగా తీయాలి. డిక్సన్‌తో ఒకే పర్యాయంలో సాదా చిత్రం, కొవ్వు తీసిన చిత్రం రెండూ వస్తాయి. అది కాస్త నిదానమన్న ఫిర్యాదు ఈ లెక్కలోకి తీసుకుంటే నిలబడదు.

డిక్సన్ ఇచ్చే మిగిలిన చిత్రాలకూ వైద్యంలో పనుంది. ముసలితనంలో కుంగిపోయిన వెన్నుపూస ఎముకలు గుల్లబారినందువల్ల కుంగిందా, క్యాన్సర్ వల్లా అన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. గుల్లబారి కుంగినదాంట్లో కొవ్వు ఇంకా మిగిలి ఉంటుంది. ఇంజెక్షన్‌కు ముందు తీసినవాటిలో, నీరూ కొవ్వూ కలిసిన చిత్రం నుంచి ఎదురుపడిన చిత్రానికి వచ్చేసరికి దాని వెలుగు బాగా పడిపోతుంది. క్యాన్సర్ మూలుగను పూర్తిగా ఆక్రమిస్తే కొవ్వే ఉండదు, వెలుగూ పెద్దగా పడదు. 1.5 టెస్లాలో 20 శాతం తగ్గుదలను హద్దుగా చాలామంది పాటిస్తారు. క్షయకు చికిత్స జరుగుతున్నప్పుడైతే కొవ్వు చిత్రమే మంచి కబురు తెస్తుంది. నయమవుతున్న వెన్నుపూసలో, నెలలు గడిచేకొద్దీ, పోయిన కొవ్వు మళ్లీ చేరుతుంది. కాంట్రాస్ట్ వెలుగు చికిత్స బాగా సాగుతున్నా చాలాకాలం మిగలవచ్చు. కొవ్వు తిరిగి రావడం అంతకంటే నమ్మదగిన గుర్తు.

రోగి తరఫువాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒంట్లో స్క్రూలు, రాడ్లు ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి, ఆపరేషన్ కాగితాల్లో లోహం పేరుంటే చూపించాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కొన్ని పాత రకం గెడోలినియం మందులతో చర్మం, అవయవాలు గట్టిపడే జబ్బుకు సంబంధముందని 2006లో బయటపడింది. మామూలు మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్, అంటే 60 కిలోల మనిషికి చాలా మందులతో 12 మిల్లీలీటర్లు. ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోవాలి, అందులో అన్ని చిత్రాలూ ఉంచమనాలి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ స్కాన్ అవసరమైతే వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే పద్ధతిలో తీయించుకోవాలి. మొదటిసారి ఫ్యాట్ శాట్, రెండోసారి డిక్సన్ అయితే కనబడే మార్పులో జబ్బు వాటా ఎంతో, పద్ధతి వాటా ఎంతో డాక్టరు తేల్చుకోలేరు. ఏ పద్ధతిలో కొవ్వును అణచారో రిపోర్టులో ఒక వరుస రాయమని సెంటర్‌ను అడగవచ్చు. రాయడానికి వాళ్లకు పట్టేది అర నిమిషం.